నీలం మూత ట్యూబు

"శనివారం రాత్రి విందు. తెల్లారేలోపే అందరికీ వాంతులు. సోమవారానికి ఈవిడకు జ్వరం. వంట దగ్గరుండి చేయించినవాడు మరిది. ఇంటి మధ్య గోడ కట్టనివ్వనని ఈవిడతో నెల రోజులుగా పోట్లాడుతున్నవాడూ ఆ మరిదే. ఇంకా ఏం కావాలి మేడమ్ మీకు?"

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు మడుస్తూ వచ్చి, చివరికి బిగిసిన పిడికిలిని డిటెక్టివ్ ముందు ఆడించాడు. డిపార్టుమెంటులో ఆయన్ని ఎక్స్‌ప్రెస్ అంటారు. కేసు చేతికొచ్చిన రోజే ఎవరో ఒకరిని లోపల వేయకపోతే ఆయనకు అన్నం సహించదు. ఆ డిటెక్టివ్‌కు వాళ్ళు పెట్టిన పేరు నత్త. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా ఆమె నడక మార్చుకోలేదు.

ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చుని, నొప్పిపెడుతున్న మోకాలిని రుద్దుకుంటూ ఆమె అడిగింది.

"వాంతులు చేసుకున్నవాళ్ళంతా తరవాత ఏమయ్యారు?"

"ఆదివారం సాయంత్రానికి లేచి తిరిగారు."

"అంటే వాళ్ళు తిన్నది చెడిపోయిన తిండి. లోపలికి వెళ్ళిన కాసేపటికే కడుపు ఎదురుతిరిగింది, బయటికి గెంటేసింది, సర్దుకుంది. ఈవిడకు వచ్చింది టైఫాయిడ్. రక్తంలో దొరికిందని నిన్న రిపోర్టు వచ్చింది. అది ఇలా తలుపు తట్టి వచ్చే రకం కాదండీ. లోపలికి దూరాక వారమో, పది రోజులో, ఇంకా ఎక్కువో చప్పుడు చేయకుండా ఉంటుంది. శనివారం తింటే సోమవారానికి జ్వరం రాదు."

"ఖచ్చితంగా చెప్పలేమని డాక్టరే అన్నాడు."

"డాక్టరు చెప్పలేకపోవచ్చు. చెప్పగలిగినావిడ లోపల మంచం మీద ఉంది."

అది నిజమే. మంచం మీదున్న శాస్త్రవేత్త పదేళ్ళుగా ఆ ఒక్క సూక్ష్మజీవి వెంటే పడి బతుకుతోంది. ఒంటరి మనిషి. చెల్లెలి కుటుంబంతో ఒకే ఇంట్లో, పక్క వాటాలో ఉంటోంది. జ్వరం వచ్చినా విందు తాలూకు నలతే అనుకుని వారం రోజులు ఇంట్లోనే పడుకుంది. రెండో వారంలో పేగుకు చిల్లు పడితే హుటాహుటిన ఆపరేషన్ చేశారు. మూడు రోజుల కిందట బతికి బయటపడింది. ఈలోపు వంటవాడు, విందులో తనను వదినగారి పళ్ళెం ముట్టుకోనివ్వకుండా మరిదిగారే వడ్డించారని వాగడంతో, ఎక్స్‌ప్రెస్ ఆ మరిదిని పట్టుకుపోయాడు.

డిటెక్టివ్‌ను పెట్టుకున్నది చెల్లెలు. అక్కకు విషం పెట్టాడని మొగుణ్ణి తీసుకెళ్ళాక, ఆమె ఆసుపత్రికీ స్టేషన్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది. ఇప్పుడు వరండా చివర కిటికీ దగ్గర నిలబడి, వీళ్ళ మాటలు వినబడనట్టు బయటికి చూస్తోంది.

"వస్తారా?" అంది డిటెక్టివ్, లేస్తూ.

"రాకుండా ఎలా ఉంటాను? నా సాక్షిని మీరు తిప్పేస్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శాస్త్రవేత్త ముఖంలో కళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అయినా ఆ సూక్ష్మజీవి మాట ఎత్తగానే ఆ కళ్ళకు ప్రాణం వచ్చింది.

"ఇది అంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది?" అని అడిగింది డిటెక్టివ్. "మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పండి. తొందరేం లేదు."

"పేగు గోడ వెనక కాపలా కణాలు ఉంటాయి." ఆమె గొంతు గుసగుసగా ఉంది, కానీ మాట తడబడలేదు. "పుట్టుకతో వచ్చిన రక్షణ అది. పాత దొంగల ముఖాలు గుర్తుపెట్టుకోవడం వాటి పని కాదు. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు రావడానికి రోజులు పడుతుంది. ఈ కాపలావాళ్ళు చూసేది వేషం ఒక్కటే. సూక్ష్మజీవి ఒంటి మీది పొర, దాని తోక. అవి కంటబడితే చాలు, గంట కొట్టేస్తారు. నొప్పి, వాపు, విరేచనాలు, అంతా ఆ గంట మోతే."

"మరి ఇది?"

"ఆ పొర కనబడకుండా పైన చక్కెర ముసుగు కప్పుకుంటుంది. పేగు దాటే వేళకు తోక తయారుచేయడం మానేస్తుంది. తోక ముడవడమంటే పారిపోవడమని అంటాం కదా? ఇది తోక ముడిచి లోపలికొస్తుంది." పెదాల మీద చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది. "కాపలావాడు మింగినా చావదు. వాడి కడుపులోనే కాపురం పెట్టి, వాడితోపాటే ఒళ్ళంతా తిరుగుతుంది."

"దొంగ పోలీసు జీపెక్కి ఊరేగినట్టు" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు దగ్గాడు.

"మీరు కనిపెట్టిందేమిటి?"

"ఆ ముసుగు కుట్టే భాగాన్ని పూర్తిగా కత్తిరించి తీసేశాను. ఇంకోచోట కూడా దెబ్బకొట్టాను, ఒంట్లో నాలుగు రోజులకు మించి బతకలేదు. ముసుగు లేనిదాన్ని మింగితే కాపలావాళ్ళు వెంటనే చూస్తారు. గంట కొడతారు. రేపు అసలుది వచ్చినా పట్టుకోవడానికి ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది. అది జబ్బు కాదు, మందు."

"ఆ మందు మనిషికి ఇచ్చి చూశారా?"

"అనుమతి రాలేదు."

"నేను అనుమతి గురించి అడగలేదు."

శాస్త్రవేత్త కాసేపు సెలైన్ సీసాలో పడే చుక్కల్ని చూసింది. డిటెక్టివ్ కూడా వాటినే చూస్తూ కూర్చుంది. ఇన్‌స్పెక్టరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"తాగాను" అంది చివరికి శాస్త్రవేత్త. "జ్వరం రావడానికి పది రోజుల ముందు."

"అంటే తెలిసి తెలిసి..." ఇన్‌స్పెక్టరు ముందుకు వంగాడు. "మరి మీ మరిది లోపల కూర్చుంటే మాట్లాడరేం?"

"ఆయన్ని తీసుకెళ్ళారని నాకు నిన్ననే తెలిసింది. అయినా దానికీ జ్వరానికీ సంబంధం లేదండీ. నేను తాగింది ముసుగు లేనిది. అది నన్నేమీ చేయలేదు. బయటెక్కడో నీళ్ళలో అంటుకుని ఉంటుంది." ఆమె గొంతు చిన్నబోయింది. "తాగినట్టు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అది పోయినా పరవాలేదు. పదేళ్ళ పని పిచ్చిపని అంటారు."

"మీరు తాగబోతున్నారని ల్యాబులో ఎవరికి తెలుసు?"

"చిన్నసారుకు ఒక్కడికే. మనుషుల మీద ప్రయోగానికి నాతోపాటు సంతకం పెట్టమంటే పెట్టనన్నాడు. అయితే నా మీదే చూసుకుంటానన్నాను. 'మీ ఒళ్ళు, మీ ఇష్టం' అన్నాడు."

ల్యాబు రెండు వీధుల అవతలే. దారంతా ఎక్స్‌ప్రెస్ విసుక్కుంటూనే నడిచాడు.

"తానే తాగానంటోంది. ఇంక నేరమెక్కడుంది? మరిదిని వదిలి ఆవిడ మీదే కేసు రాయమంటారా?"

"ఆవిడ తాగాననుకున్నదేమిటో తెలిసింది" అంది డిటెక్టివ్. "తాగిందేమిటో తెలియాలి."

చిన్నసారు నిజానికి శాస్త్రవేత్తకంటే ఆరేళ్ళు పెద్ద. హోదాలో ఆమె తరవాతివాడు కాబట్టి ఆ పేరు వచ్చింది, వచ్చి అతుక్కుపోయింది. వాళ్ళు వెళ్ళేసరికి కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. చేతులకు ఒకే జత పల్చటి గ్లౌజులు, ముఖానికి మాస్కు లేదు. నీలం మూత తీసిన ట్యూబులోంచి సన్నటి తీగతో ఏదో తీసి గాజుపళ్ళెం మీద గీస్తున్నాడు.

"రండి, రండి. మేడమ్‌కు ఎలా ఉంది?" అంటూ ట్యూబుకు మూత పెట్టి లేచాడు. మర్యాదస్తుడు. కుర్చీలు తనే తుడిచి వేశాడు.

"బతికింది" అంది డిటెక్టివ్. "ఇందాక మీ చేతిలో ఉన్నదేమిటి? దగ్గరికి రావచ్చా?"

"నిక్షేపంగా రావచ్చు. అది నీలం మూత. ముసుగు తీసేసిన రకం. మాకు రంగుల లెక్క ఉందండీ. ఎర్ర మూతంటే ముసుగున్న అసలు రకం. దాన్ని అదిగో, ఆ అద్దాల పెట్టెలో పెట్టి తప్ప తెరవం. మాస్కు, రెండు జతల గ్లౌజులు తప్పనిసరి. నీలం మూతకు ఆ బాధ లేదు. బల్ల మీదే చేసుకుంటాం."

"మేడమ్ తాగిన ట్యూబు ఇంకా ఉందా?"

ఆయన బరువుగా నిట్టూర్చాడు. "చెప్పేశారన్నమాట. వద్దని ఎంత మొత్తుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ఉందండీ. సగం తాగి సగం దాచుకున్నారు. ఆవిడ అరలో ఆవిడ చేత్తోనే పెట్టారు."

"అందులో ముసుగు ఉందో లేదో ఇప్పుడే చూడగలరా?"

"అయిదు నిమిషాల పని."

ఫ్రిజ్ కింది అరలోంచి ఆయన ఒక ట్యూబు తీశాడు. నీలం మూత, లోపల సగానికి తగ్గిన మసక ద్రవం. దాన్ని స్టాండులో పెట్టి, మాస్కు కట్టుకున్నాడు. చేతికున్న గ్లౌజుల మీద ఇంకో జత తొడిగాడు. అద్దాల పెట్టెలో లైటు వేసి, ఫ్యాను తిరగడం మొదలయ్యాక, ట్యూబును లోపల పెట్టి మూత తీశాడు.

డిటెక్టివ్ మోకాలు రుద్దుకోవడం ఆపింది.

"ఇది ముసుగును పట్టుకునే సీరం" అన్నాడాయన, గాజుపలక మీద ఒక చుక్క వేస్తూ. "పక్కన ట్యూబులోది ఒక చుక్క. రెండూ కలుపుతాను. ముసుగు లేకపోతే ఇలాగే మసగ్గా ఉండిపోతుంది. ఉంటే విరిగిన పాలలా పలుకులు కడుతుంది."

పలకను అటూ ఇటూ వంచాడు. కొంతసేపు ఏమీ కాలేదు. తరవాత చుక్క మధ్యలో ఇసకరేణువుల్లాంటివి తేలాయి. చూస్తుండగానే అవి ముద్దలు కట్టి, చుట్టూ నీరు తేటపడింది.

"అయ్యో" అన్నాడు చిన్నసారు. "నేను భయపడుతూనే ఉన్నాను. తీసేసిన ముసుగు మళ్ళీ మొలిచింది. దీన్ని నమ్మడానికి లేదని మొదటినుంచీ చెబుతున్నాను, వింటేనా? పాపం, తన చేత్తో తనే..."

"అంటే ఇది ఆవిడ స్వయంకృతం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతులో నిరాశ ఉంది. చేతికి చిక్కిన మరిది జారిపోతున్నాడు మరి.

"తెగిపోయిన వేలు మళ్ళీ మొలవడం మీరెప్పుడైనా చూశారా ఇన్‌స్పెక్టరుగారూ?" అంది డిటెక్టివ్. "ఆవిడ ముసుగును దాచలేదు, చింపలేదు. కుట్టే భాగాన్నే కోసి పారేసింది. లేనిది తిరిగి రాదు."

"ప్రకృతిలో ఏదైనా జరగొచ్చండీ" అన్నాడు చిన్నసారు, నవ్వుతూ.

"జరగొచ్చు. నాకు ప్రకృతి గురించి ఏమీ తెలియదు. గ్లౌజుల గురించి ఒక మాట అడుగుతాను, చెప్పండి."

"గ్లౌజులా?"

"మేం వచ్చేసరికి మీరు నీలం మూత ట్యూబు బల్ల మీద తెరిచి పెట్టుకుని ఉన్నారు. మాస్కు లేదు. ఒక జతే ఉంది. నీలానికి ఆ బాధ లేదని మీ నోటితోనే చెప్పారు. ఇప్పుడు తెరిచిందీ నీలం మూతే. దీనికి మాస్కు, రెండు జతలు, అద్దాల పెట్టె ఎందుకొచ్చాయి?"

చిన్నసారు గాజుపలకను పక్కన పెట్టాడు.

"మేడమ్‌కు జబ్బు చేసింది కదా. అనుమానం..."

"అనుమానం ఎప్పుడొచ్చింది? జబ్బు చేసిన రోజే వస్తే ఆ మాట ఆసుపత్రికి ఎందుకు చెప్పలేదు? నిన్న రిపోర్టు వచ్చేదాకా ఆ జ్వరమేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. ఈ పలక మీద చూసేదాకా మీకూ తెలియకూడదు. మీ చేతులకు ముందే తెలిసిపోయింది."

"ఇది మరీ అన్యాయం. జాగ్రత్తగా ఉండటం కూడా నేరమేనా?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న ఇన్‌స్పెక్టరు కదిలాడు. తలుపు దగ్గరకు వెళ్ళి గడియ పెట్టి, ఇందాక చిన్నసారు తుడిచి వేసిన కుర్చీల్లో ఒకదాన్ని ఆయన మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"గ్లౌజులు తీయండి సార్. నెమ్మదిగా. ఇక్కడినుంచి నేనడుగుతాను." గొంతు అనూహ్యంగా మెత్తగా ఉంది. "ఎర్ర మూత ట్యూబులు ఎన్ని ఉండాలో, ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టిస్తాను. ఆవిడ అరలోని ట్యూబు మీద మీ వేలిముద్రలు ఇప్పుడు పడ్డవి కాక పాతవి ఉన్నాయేమో చూపిస్తాను. అదంతా అయ్యాక మీరు చెప్పే మాటకు విలువుండదు. ఇప్పుడు చెప్పే మాటకు ఉంటుంది."

చిన్నసారు పై జత తీశాడు. కింది జత చెమటకు అతుక్కుపోయి రాలేదు. అలాగే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"జ్వరం వస్తుందనుకున్నాను. అంతే" అన్నాడు. "మాత్రలు వేసుకుంటుంది, తగ్గిపోతుంది. ఈ మందు మంచిది కాదని తేలుతుంది. ముసుగు తీసినంత మాత్రాన ఇది లొంగదని ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను. మీటింగుల్లో నా మాటకు నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది, చెడ్డగా కాదు, చిన్నపిల్లల మాటకు నవ్వినట్టు." ఆయన తల ఎత్తలేదు. "మూతలు మార్చాను. రెండు మూతలు. ఒక్క నిమిషం పట్టింది."

"పేగుకు చిల్లు పడ్డాక కూడా నోరు విప్పలేదు" అంది డిటెక్టివ్.

"అప్పుడు చెబితే ఏమనేవారు నన్ను?"

మొదటి రోజే ఒక్క ఫోను చేసి ఉంటే వారంలో తగ్గిపోయే జబ్బు అది. మూతలు మార్చడానికి పట్టిన నిమిషం కన్నా, ఆ తరవాత ఈ మనిషి మౌనంగా టీలు తాగుతూ గడిపిన రోజులే డిటెక్టివ్‌కు ఎక్కువ భయంకరంగా తోచాయి.

ఆయన్ని కానిస్టేబుళ్ళకు అప్పగించి, ఇద్దరూ తిరిగి ఆసుపత్రి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం అయింది. ఇన్‌స్పెక్టరు ఫోనులో స్టేషన్‌కు మరిదిని వదిలేయమని చెప్పాడు. చెప్పి, ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఈసారికి నత్తే గెలిచింది" అన్నాడు.

"తలుపు గడియ పెట్టింది మీరేగా. నాకు ఆ పని రాదు" అంది డిటెక్టివ్.

చెల్లెలు వాళ్ళను చూసి ఎదురొచ్చింది. మొగుణ్ణి వదిలేశారన్న మాట విని బెంచీ మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్‌స్పెక్టరు పక్కకు తిరిగి, నీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

"మీ అక్క పని తప్పు కాదమ్మా" అంది డిటెక్టివ్, పక్కన కూర్చుంటూ. "ఆవిడ తాగిన నీలం ట్యూబులో ఆవిడ మందు లేదు. చిన్నసారు మూతలు మార్చి అసలు జబ్బునే పెట్టాడు. ఒప్పుకున్నాడు."

ఏడుపు ఆగిపోయింది. మెల్లగా తగ్గలేదు, చటుక్కున ఆగింది.

"ఆ ట్యూబులోనా?" అంది చెల్లెలు. "మొత్తం అదేనా? సగం అదీ సగం మందూ కాదు కదా?"

డిటెక్టివ్ ఆమె ముఖం వంక చూసింది.

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఆ రోజు నేనూ ఉన్నానండీ. అక్కకు క్యారేజీ ఇవ్వడానికి ల్యాబుకు వెళ్ళాను. తాగబోతుంటే చూశాను. నీకేమైనా అయితే నాకెవరున్నారే అని ఏడ్చాను. ఏమీ కాదే పిచ్చిదానా, మందు అంది. మందైతే నాకూ పొయ్యి అన్నాను. వద్దంటే వద్దంది. నేను వినలేదు. నువ్వు తాగితే నేనూ తాగుతానన్నాను." ఆమె కళ్ళు ఒకరి ముఖంనుంచి ఇంకొకరి ముఖానికి పరుగెత్తాయి. "తను గ్లాసులో పోసుకున్నదాంట్లోంచే రెండు గుటకలు తాగాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది."

"నాలుగు వారాలు కావస్తోంది" అంది డిటెక్టివ్, తనలో తను అనుకుంటున్నట్టు. "జ్వరం వచ్చిందా?"

"లేదు."

"కడుపునొప్పి? నీరసం?"

"ఏమీ లేదు మేడమ్. ఇంత గొడవలోనూ ఆకలి వేస్తూనే ఉంది. నాకేమీ కాలేదు కాబట్టే, దాని వల్ల కాదని అక్క అంత గట్టిగా నమ్మింది."

వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళారు. అది దాటేదాకా డిటెక్టివ్ ఆగింది. కొందరి ఒంట్లో ఆ ముసుగు దొంగ ఎంతకాలమైనా గంట మోగనివ్వడు. మనిషి గుండ్రాయిలా తిరుగుతుంటుంది. చేతిలోంచి చేతిలోకి మాత్రం వాడు దాటిపోతూనే ఉంటాడు. ఇది ఆమెకు శాస్త్రవేత్త చెప్పింది కాదు. పాత కేసుల్లో రెండు చావుల మీద నేర్చుకున్నది.

గొంతు ఏమాత్రం పెంచకుండా అడిగింది. "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?"

"నేనే."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మావాడు. నాలుగేళ్ళు. పక్కింటావిడ దగ్గర ఉంచి వచ్చాను." చెప్తూ చెప్తూ చెల్లెలు మాట మధ్యలో ఆగింది. "నిన్నటినుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. నాన్న కోసం బెంగపెట్టుకున్నాడనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీశాడు. "వదిలేశారా? ఇంకా గేటు దగ్గరే ఉన్నాడా? ఆపండి. నేరుగా ఇంటికి తీసుకెళ్ళి, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇక్కడికి రమ్మనండి. మన బండిలోనే. పక్కింటావిణ్ణి కూడా. ఏమీ తినొద్దని, తాగొద్దని చెప్పండి. ఆ ఇంట్లో నీళ్ళు కూడా." ఆయన గొంతు మొదటిసారి తొందర లేకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

డిటెక్టివ్ లేచి వార్డు డాక్టరు గది వైపు నడిచింది. వెనకనుంచి చెల్లెలి గొంతు వినబడింది. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు.

"వాడు స్పూనుతో తినడండీ. రోజూ నా చేత్తోనే తినిపిస్తాను."